వేడెక్కాక మొరాయించే పాత అంబాసిడర్: ఏదైనా మార్చే ముందు ఇవి చూడండి

మీరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇది. 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. పొద్దున సెల్ఫ్ ఇలా కొడితే అలా అందుకుంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో టీ కోసం పావుగంట ఆపితే మాత్రం సెల్ఫ్ జోరుగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ ఒక్క టర్ను అందుకుని చచ్చిపోతుంది, ఇక ఎంత కొట్టినా నిలబడదు. గంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. మెకానిక్ ముందు బ్యాటరీ మార్చారు, తర్వాత కాయిల్ (స్పార్క్‌కి కావాల్సిన ఎక్కువ వోల్టేజీ తయారుచేసేది) మార్చారు, ఇప్పుడు కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలిలో కలిపి ఇంజిన్‌కి ఇచ్చేది) మొత్తం కొత్తది వేద్దాం అంటున్నారు. వేయించాలా అని అడిగారు.

వద్దండీ. ఇప్పటికిప్పుడు ఏదీ మార్చకండి. మీ ఇబ్బంది అంతా ఒక్క చోటే ఉంది: బండి షెడ్డుకు చేరేసరికి చల్లబడిపోతుంది, చల్లబడిన ఇంజిన్‌లో ఏ లోపమూ కనపడదు, కాబట్టి మెకానిక్ ఊహించి ఒక్కో సామాను మారుస్తూ పోతున్నారు. వేడి మీద వచ్చే జబ్బును వేడి మీదే చూడాలి. అది మొరాయించిన ఆ పావుగంటలో, రోడ్డు పక్కనే, మీరు చూడగలిగేది ఏ షెడ్డులోనూ కనపడదు. డిక్కీలో ఒక ప్లగ్గు స్పానర్, ఒక పాత ప్లగ్గు, మల్టీమీటర్, రెండు గుడ్డలు, నీళ్ల సీసా పెట్టుకోండి. చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా. పెట్రోల్ ఆవిరి దగ్గర పని, ఆ ఒక్క విషయంలో అశ్రద్ధ పనికిరాదు.

ముందు అసలు ఏం జరుగుతుందో చెప్తాను, తర్వాత పరీక్షలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. బండి నడుస్తున్నంతసేపూ వాటర్ పంపు నీళ్లను తిప్పుతుంటుంది, ఫ్యాన్ గాలి లాగుతుంటుంది, ట్యాంకు నుంచి చల్లని పెట్రోల్ వస్తూ ఉంటుంది. కీ తిప్పి ఆపగానే ఈ మూడూ ఒకేసారి ఆగిపోతాయి, కానీ ఇనుములో ఉన్న వేడి ఎక్కడికీ పోదు. బ్లాకు నుంచి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే ఇనుప గొట్టాల కట్ట) నుంచి చుట్టుపక్కల ఉన్న కార్బురేటర్‌కీ, పెట్రోల్ పైపులకీ, పంపుకీ ఎక్కుతుంది. అందుకే ఆపిన తర్వాత పది, ఇరవై నిమిషాల పాటు బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. ఆపిన నిమిషానికే మళ్లీ కొడితే స్టార్ట్ అయి, పావుగంటకు కాకుండా, గంటకు మళ్లీ అవుతోందంటే దాదాపు ఖాయంగా ఈ ఎక్కిన వేడే కారణం. మీరు ఈ తేడా రాయలేదు. ఈసారి ఆగినప్పుడు ఆపిన నిమిషంలోనే ఒకసారి కొట్టి చూడండి. అప్పుడు కూడా మొరాయిస్తే దారి వేరు, కరెంటు వైపో, కంప్రెషన్ వైపో ముందు చూడాలి.

అంబాసిడర్‌కి ఇది ఎక్కువగా రావడానికి ఇంజిన్ కట్టిన తీరే ఒక కారణం. అది బ్రిటిష్ బీఎంసీ వాళ్ల బీ సిరీస్ ఇంజిన్. పెట్రోల్ లోపలికి వెళ్లే దారులు, పొగ బయటికి వచ్చే దారులు అన్నీ హెడ్డుకు ఒకే వైపు ఉంటాయి. నాలుగు సిలిండర్లకు లోపలికి రెండే పోర్టులు, బయటికి మూడు. రెండు, మూడు సిలిండర్ల పొగంతా మధ్యలో ఉన్న ఒకే పోర్టు నుంచి వస్తుంది, కార్బురేటర్ కూర్చునేది సరిగ్గా ఆ పైనే. ఇంగ్లండ్ చలిలో పెట్రోల్ బాగా ఆవిరై లోపలికి వెళ్లాలంటే ఆ వేడి కావాలి. మే నెలలో సూర్యాపేట ఎండకి అవసరం లేదు.

ఇప్పుడు రోడ్డు పక్కన ఏం చేయాలో చూద్దాం. మొట్టమొదట సెల్ఫ్ శబ్దం వినండి. పొద్దున తిరిగినంత జోరుగానే తిరుగుతోందా, లేక బరువుగా మూలుగుతోందా? మూలుగుతుంటే పెట్రోల్ జోలికి పోవద్దు, ముందు వైర్లు చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మీద మీటర్ పెడితే 9.6 వోల్టుల కంటే కిందికి పడకూడదు. బ్యాటరీ బాగానే ఉండి సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే ఎర్త్ చూడండి: మీటర్ ఒక వైరు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, రెండోది ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ పట్టీ పాడైనట్టే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఆ పట్టీ ఒక్కటే దారి, ఏభై ఏళ్ల బండిలో అది పచ్చగా తుప్పు పట్టి ఉంటుంది. వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ ఎలాగూ పెరుగుతుంది, దానికి ఈ తుప్పు తోడైతే చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన కరెంటు వేడిలో చాలదు. సెల్ఫ్ తిరుగుతూ మధ్యలో ఎదురు తన్నినట్టు ఆగుతుంటే అది టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) మరీ ముందుకు పెట్టిన లక్షణం. మీరు "ఎంతసేపు కొట్టినా జోరుగానే తిరుగుతోంది" అని రాశారు కాబట్టి దీని మీద ఇంకేమీ చెప్పను. బ్యాటరీకి పెట్టిన డబ్బు మాత్రం వృథా అయింది.

జోరుగా తిరుగుతోందంటే మిగిలినవి మూడే. పెట్రోల్ ఎక్కువైంది, పెట్రోల్ రావట్లేదు, లేదా స్పార్క్ లేదు. ఇందులో మొదటి రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం, ఒకదానికి చేసే వైద్యం రెండోదాన్ని ఇంకా ముదిరేలా చేస్తుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. స్టార్ట్ కాలేదు కదా అని యాక్సిలరేటర్ టపటపా తొక్కుతారు, చోక్ లాగుతారు. వేడి ఇంజిన్‌కి చోక్ ఎప్పుడూ లాగకూడదు, అది చాలావరకు ఫ్లడ్ అయి ఉన్నదాన్ని ఇంకా ముంచడమే.

ఫ్లడ్ అవడం అంటే ఇదీ. పెట్రోల్ నీళ్లలాగా ఒకే డిగ్రీ దగ్గర మరగదు, అది చాలా పదార్థాల మిశ్రమం, తేలిక భాగాలు 40 డిగ్రీల అటూ ఇటూలోనే ఆవిరవడం మొదలుపెడతాయి. కింద నుంచి మానిఫోల్డ్ కాలుస్తుంటే ఫ్లోట్ బౌల్‌లోని (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవుండే చిన్న గిన్నెలోని) పెట్రోల్ మరిగి, జెట్‌ల (సన్నని రంధ్రాల) గుండా పొంగి మానిఫోల్డ్‌లోకి కారుతుంది. లోపల గాలి కంటే పెట్రోల్ ఆవిరే ఎక్కువైపోయి అంటుకోదు. గుర్తులు: బానెట్ ఎత్తగానే ఘాటుగా పెట్రోల్ వాసన, ప్లగ్గు ఊడదీస్తే తడి, చివరికి అందుకున్నప్పుడు నల్లటి పొగ, కాసేపు మిస్సింగ్. దీనికి అక్కడికక్కడ చేయాల్సింది: చోక్ పూర్తిగా లోపలికి నెట్టేయండి, యాక్సిలరేటర్‌ని నిదానంగా చివరిదాకా తొక్కి అలాగే పట్టి ఉంచండి, పంపు కొట్టినట్టు తొక్కడం వదలడం చేయొద్దు. ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి, అర నిమిషం ఆపండి, మళ్లీ కొట్టండి. గాలి ధారాళంగా వెళ్లి ఆ ఆవిరిని ఊడ్చేస్తుంది. ఇలా అందుకుంటే మీ జబ్బు తెలిసిపోయినట్టే.

పెట్రోల్ రాకపోవడం ఇంకో రకం, మన మెకానిక్‌లు ఎయిర్ లాక్ అంటారు కానీ లోపల ఉండేది గాలి కాదు, పెట్రోల్ ఆవిరే. అంబాసిడర్‌లో ఏసీ పంపు (ఏసీ అనేది కంపెనీ పేరు, ఇది ఇంజిన్ తిప్పే పెట్రోల్ పంపు) ఇంజిన్ బ్లాకుకే బిగించి ఉంటుంది, అది వెనక ట్యాంకు నుంచి పెట్రోల్‌ని లాక్కోవాలి. లాగే పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ఇంకా తక్కువ వేడికే పెట్రోల్ ఆవిరవుతుంది. పంపు డయాఫ్రం ఎంత ఆడినా ఆ ఆవిరి నొక్కుకుని సాగుతుందే తప్ప పెట్రోల్ కదలదు. గుర్తులు: ప్లగ్గులు పొడిగా ఉంటాయి, వాసన ఉండదు. ఎయిర్ క్లీనర్ విప్పి కార్బురేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో త్రాటిల్ తిప్పండి. మీ దాంట్లో సోలెక్స్ కంపెనీ కార్బురేటర్ ఉంటే సన్నని పెట్రోల్ ధార చిమ్మాలి. చిమ్మకపోతే బౌల్ ఖాళీ. ఎస్‌యూ కంపెనీది అయితే దానికి ఆ చిమ్మే పంపు ఉండదు, బౌల్ మూత తీసే చూడాలి. ఈ చూడటం అంతా సెల్ఫ్ కొట్టకుండా, దగ్గర్లో బీడీ సిగరెట్ ఎవరూ కాల్చకుండా చేయాలి, హైవే మీద ఆగితే చుట్టూ మనుషులు మూగుతారు కదా.

ఎయిర్ లాక్ అనుకుంటే గుడ్డ తడిపి పంపు మీదా, పంపు నుంచి కార్బురేటర్‌కి వెళ్లే పైపు మీదా చుట్టి రెండు మూడు నిమిషాలు ఉంచి కొట్టండి. అందుకుంటే తేలిపోయింది. నీళ్లు ఎత్తి పోయొద్దు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పోత ఇనుము, కాలుతున్నదాని మీద చల్లనీళ్లు పడితే పగులుతుంది, పగిలిందంటే దానికి సరైన మానిఫోల్డ్ దొరకడం ఇప్పుడు ఎంత కష్టమో మీకూ తెలుసు. ఇంకొకటి, గుడ్డ చుట్టే ముందు ట్యాంకు మూత తీసి చెవి పెట్టండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని సన్నని గాలి రంధ్రం పూడుకుపోయినట్టు. ట్యాంకులో గాలి లేక పెట్రోల్ రాకపోవడం అచ్చం ఎయిర్ లాక్‌లాగే కనిపిస్తుంది, దానికి రూపాయి ఖర్చు లేదు, ఒక పిన్నీసు చాలు.

ఇక్కడ బాగా తికమక పెట్టేది ఏమిటంటే ఈ రెండూ ఒకే పావుగంటలో ఒకదాని వెనక ఒకటి జరగొచ్చు. బౌల్‌లోది మరిగి మానిఫోల్డ్‌లోకి కారితే మొదట ఫ్లడ్. మీరు కొట్టి కొట్టి ఆ ఆవిరి పోయేసరికి బౌల్ ఖాళీ అయి ఉంటుంది, పైపులో ఆవిరి ఉంది కాబట్టి పంపు దాన్ని నింపలేదు, ఇప్పుడు పెట్రోల్ లేదు. ఒక్క టర్ను అందుకుని వెంటనే చచ్చిపోతోందని మీరు రాసిన మాటకు నాకు ఇదే తోస్తోంది. అందుకే బండి ఆపిన పది నిమిషాలకు, ఏమీ కొట్టకముందే ప్లగ్గు ఒకసారి తీసి చూడండి, కొట్టిన తర్వాత చూస్తే దారి తప్పుతారు. వేడి హెడ్డులో ప్లగ్గు బిగించేటప్పుడు చేత్తోనే మరలు పట్టించి, చివర కొంచెమే స్పానర్ వాడండి.

స్పార్క్ సంగతి. కాయిల్ మార్చారు కాబట్టి అది అయిపోయిందనుకోకండి, నాకు అసలు అనుమానం మార్చిన కాయిల్ మీదే. కాయిల్స్‌లో రెండు రకాలు ఉంటాయి. మామూలు 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ 3 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. బల్లాస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్లే కరెంటును తగ్గించే విడి రెసిస్టర్‌తో) వాడే రకం 1.5 దగ్గర ఉంటుంది. మీ బండికి బల్లాస్ట్ లేకుండా రెండో రకం బిగిస్తే దాంట్లో రెట్టింపు కరెంటు పారుతుంది, చల్లగా ఉన్నప్పుడు అద్భుతంగా నడుస్తుంది, అరగంట ప్రయాణం తర్వాత చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి విడదీసే స్విచ్) కూడా త్వరగా మాడిపోతాయి. వైర్లు విప్పి రెండు చిన్న టెర్మినల్స్ మధ్య కొలవండి. వేడి మీద కొలిస్తే రీడింగ్ ఐదో వంతు దాకా ఎక్కువ రావడం మామూలే, 3 కాస్తా 3.6 అయిందని భయపడొద్దు. ఏకంగా తెగినట్టు చూపిస్తే మాత్రం పోయినట్టే. అలాగే మీ బండి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉండటం) నుంచి నెగిటివ్‌కి మార్చి ఉంటే కాయిల్ వైర్లు కూడా తిప్పారో లేదో చూడండి, నెగిటివ్ ఎర్త్ బండిలో కాయిల్ మీద మైనస్ అని ఉన్న వైపు డిస్ట్రిబ్యూటర్‌కి (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకి పంచేదానికి) వెళ్లాలి. తిరగబడినా ఇంజిన్ నడుస్తుంది, స్పార్క్ మాత్రం నీరసంగా ఉంటుంది, ఆ నీరసం వేడిలోనే బయటపడుతుంది.

కాయిల్ కంటే ఎక్కువగా వేడికి పోయేది కండెన్సర్, అంటే పాయింట్ల దగ్గర మెరుపులు రాకుండా ఆపే చిన్న డబ్బీ. డిస్ట్రిబ్యూటర్ లోపల వేడిలో ఉంటుంది, చల్లబడితే మళ్లీ పని చేస్తుంది, అచ్చం మీరు చెప్పిన లక్షణమే. ఇప్పుడు మార్కెట్లో దొరికే వాటిలో నాణ్యత లేనివి ఎక్కువ, పెట్టెలోంచి తీసిన కొత్తదే పోయి ఉండొచ్చు. పరీక్ష: పాత ప్లగ్గు బాడీని వైరుతో ఇంజిన్ ఎర్త్‌కి కట్టి, కాయిల్ మధ్య నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే లావు వైరు దానికి తగిలించి, కార్బురేటర్‌కి దూరంగా పెట్టి, వేరేవాళ్లతో సెల్ఫ్ కొట్టించండి. వాసన ఘాటుగా ఉంటే ఈ పరీక్ష వద్దు, బానెట్ ఎత్తి ఆవిరి పోనిచ్చి చేయండి. నీలంగా, చిటపటమని గట్టిగా పడితే కాయిల్, కండెన్సర్, పాయింట్లు బాగున్నట్టు. పసుపుగా, సన్నగా పడి, డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్ల దగ్గర మెరుపులు కనిపిస్తుంటే కండెన్సర్. వాడి చూసిన మంచి కండెన్సర్ ఒకటి డిక్కీలో ఉంచుకోండి, ఒక స్క్రూ పని. పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం మధ్య ఉండాలి, ప్లగ్గుది 0.025. లావు వైరు దగ్గర స్పార్క్ బాగుండి ప్లగ్గుల దగ్గర లేకపోతే రోటర్ని (డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే ముక్కని) అనుమానించండి. కొత్తగా వస్తున్న కొన్ని రోటర్లలో పైనున్న ఇత్తడి పట్టీని బిగించిన రివెట్ గుండా వేడిలో కరెంటు లోపలి షాఫ్టుకు కారిపోతుంది. కంటికి ఏమీ కనపడదు. మూత తీసి, లావు వైరు కొసని రోటర్ మధ్య భాగానికి కొద్ది దూరంలో పట్టుకుని (రబ్బరు గ్లవుజుతో, లేదా పొడి కర్రకు కట్టి) కొట్టిస్తే, రోటర్ మీదకి స్పార్క్ దూకిందంటే అది కారుతోంది.

టాపెట్ల (వాల్వ్‌లను తెరిచే భాగాల) గురించి కూడా ఒక మాట. గ్యాప్ మరీ తక్కువ పెట్టి ఉంటే వేడికి వాల్వ్ కాడ సాగి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. టాపెట్ శబ్దం రాకూడదని బిగించేసే అలవాటు చాలామందికి ఉంది. కొంచెం టిక్‌టిక్ మంటేనే ఆ ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మాన్యువల్‌లో ఉన్న గ్యాప్ పెట్టించండి.

సరే, పరీక్షలో పెట్రోల్ వైపే తేలిందనుకుందాం, మీ లక్షణాలు అటే చూపిస్తున్నాయి. ముందు ఫ్లోట్ బౌల్ విప్పి ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, ఇత్తడి ఫ్లోట్‌లో పెట్రోల్ చేరితే చప్పుడు వస్తుంది. ఫ్లోట్ బరువెక్కినా, నీడిల్ వాల్వ్ (బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపేది) అరిగినా బౌల్‌లో మట్టం పెరుగుతుంది, మట్టం ఎక్కువుంటే కొద్ది వేడికే పొంగుతుంది. దీనికి కార్బురేటర్ మొత్తం మార్చక్కర్లేదు. తర్వాత కార్బురేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య ఏముందో చూడండి. అక్కడ దళసరి బేకలైట్ స్పేసర్ (వేడిని దాటనివ్వని బిళ్ల), ఎగ్జాస్ట్‌కి అడ్డంగా రేకు ఉండాలి. ఎప్పుడో మానిఫోల్డ్ విప్పిన మెకానిక్ "ఇది అక్కర్లేదులే" అని రేకు పక్కన పడేసి, స్పేసర్ పగిలితే పల్చటి ప్యాకింగ్ కాగితం ఒకటి పెట్టి బిగించిన బండ్లు లెక్కలేనన్ని చూశాను. ఆ రెండూ తిరిగి పెడితే సగం బండ్లు బాగుపడతాయి. రేకు అల్యూమినియంతో ఏ లేత్ షాపులోనైనా కోయించుకోవచ్చు. స్పేసర్‌కి రెండు వైపులా కొత్త ప్యాకింగ్ పెట్టి, రెండు నట్లూ సమానంగా బిగించాలి, ఒక వైపే బిగిస్తే స్పేసర్ వంగి గాలి లీకై ఐడిలింగ్ చెడుతుంది.

పెట్రోల్ పైపు ఎక్కడ నుంచి వెళ్తోందో కూడా చూడండి. పంపు తర్వాత ఒక ప్లాస్టిక్ ఫిల్టర్ తగిలించి, దాన్ని తీసుకెళ్లి సరిగ్గా వాల్వ్ కవర్ మీద పడుకోబెడతారు. అది పెట్రోల్ కాచే కుండ అవుతుంది. ఫిల్టర్‌ని పంపుకు ముందు, చల్లని చోటుకు జరపండి.

ఇథనాల్ గురించి మీరు విడిగా అడిగారు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అయినా పెట్రోల్‌తో కలిసినప్పుడు ఆ మిశ్రమం విడివిడిగా కంటే ముందే ఆవిరవుతుంది. దాన్ని కాల్చడానికి గాలి తక్కువ చాలు కాబట్టి పాత జెట్ సెట్టింగ్ మీద మిశ్రమం పల్చనై ఇంజిన్ ఇంకొంచెం వేడెక్కుతుంది. కాబట్టి ఒకప్పుడు లేని జబ్బు ఇప్పుడు వచ్చిందని మీ నాన్నగారు అంటున్నది నిజమే. మిశ్రమం కాస్త చిక్కగా సెట్ చేయించండి. అంతకంటే ముఖ్యం రబ్బరు. పాత రబ్బరు గొట్టాలు, ఏసీ పంపు డయాఫ్రం ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి. డయాఫ్రం చిరిగితే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఈ రోజే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తుంటే బండి స్టార్ట్ చేయొద్దు, పంపు సరిచేసి ఆయిల్ మార్చాకే. గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునేవని అడిగి కొనండి.

చాలామంది వెంటనే ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకోమంటారు. పైవన్నీ చేశాక కూడా ఎయిర్ లాక్ పోకపోతే అది మంచిదే, వెనక ట్యాంకు దగ్గర పెడితే లాగడం కాకుండా తోస్తుంది, తోసే ఒత్తిడిలో పెట్రోల్ అంత తొందరగా ఆవిరవదు. కానీ కార్బురేటర్ల కోసం చేసిన, 2 నుంచి 3 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఇచ్చే పంపే కావాలి. ఇంజెక్షన్ కార్ల పంపు పదుల పీఎస్ఐ ఇస్తుంది, నీడిల్ వాల్వ్ దాన్ని ఆపలేదు, బౌల్ పొంగి నేరుగా ఎగ్జాస్ట్ మీద పడుతుంది. ప్రమాదం జరిగినప్పుడు పంపు దానంతటదే ఆగే స్విచ్ లేకుండా పెట్టించొద్దు, ఆ స్విచ్‌కి ఎలక్ట్రీషియన్ బద్ధకిస్తే వేరే ఎలక్ట్రీషియన్ని చూసుకోండి.

ఇవన్నీ పూర్తయ్యేదాకా ప్రయాణం తప్పదంటే, ఆపే ముందు నిమిషం రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి, ఆపగానే బానెట్ ఎత్తి పెట్టండి, నీడలో ఆపండి. బానెట్ ఎత్తి పెట్టినప్పుడు ఇబ్బంది రాకుండా, మూసినప్పుడు వస్తే అదీ ఒక రుజువే, రాసిపెట్టుకోండి. పనిలో పనిగా థర్మోస్టాట్ ఉందో తీసి పారేశారో, ఫ్యాన్ బెల్టు వదులుగా ఉందో చూడండి.

ఈసారి మొరాయించినప్పుడు నాకు నాలుగు సంగతులు కావాలి: ఆపిన నిమిషానికే కొడితే అందుకుందా, కొట్టకముందు తీసిన ప్లగ్గు తడిగా ఉందా పొడిగా ఉందా, లావు వైరు దగ్గర స్పార్క్ రంగు, కాయిల్ ప్రైమరీ ఓమ్‌లు. కార్బురేటర్ వైపు నుంచి మానిఫోల్డ్ కనపడేలా ఒక ఫొటో కూడా తీయండి, స్పేసర్, రేకు ఉన్నాయో లేవో దాంట్లోనే తెలిసిపోతుంది.